ఆదివారం కోయిలు

చిన్నాయన పోయిన నెలకు మళ్ళీ తిరుత్తణి వెళ్ళాను. కర్మాంతరాలు అయిపోయాయి, చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు, ఇల్లు మామూలుగా ఉంది. ఆ మామూలుతనమే నాకు మింగుడుపడలేదు. ఆయన గదిలో మందుల వాసన కూడా అప్పుడే పోయింది. మా తమ్ముడి కూతురు దివ్య ఆ గది కడిగించి తన బట్టల బీరువా అందులోకి మార్చుకుంది. తప్పేమీ లేదు. తిరువళ్ళూరులో ఉద్యోగం ఆ పిల్లకు, పొద్దున్నే ఎలక్ట్రిక్ ట్రైనుకు పరుగెత్తాలి, ఇల్లు చూస్తే చిన్నది. అయినా నాకు లోపలికి కాలు పెట్టబుద్ధి కాలేదు. గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడే తట్టింది, ఈ కబురు అందవలసిన మనిషి ఇంకొకరు ఉన్నారని. చిన్నాయన పోయిన సంగతి మా వాళ్ళెవరూ రోజమ్మ టీచరుకు చెప్పి ఉండరు. ఆమె బతికి ఉందో లేదో కూడా మాకు తెలియదు.

"రేపు ఆదివారమే కదా, నన్ను నగరు దగ్గిరికి తీసకపోతావా?" అని దివ్యను అడిగాను.

"ఏ నగర్ అత్తా? ఆ రోడ్డులో ఉండేదంతా నగర్లే. పేరు సెప్పు, మ్యాపులో పెడతా."

నవ్వు వచ్చింది, మనసు చివుక్కుమంది కూడా. మా చిన్నప్పుడు నగరంటే జమీందారు మేడ. రాజులుండే ఇల్లు. మా వైపు తెలుగువాళ్ళందరికీ తెలిసిన మాటే. ఇప్పటి పిల్లలకు అరవంలో రాసిన బోర్డులే తెలుసు. వాళ్ళకు నగర్ అంటే పొలం చదును చేసి, తెల్లరాళ్ళు పాతి, ప్లాట్లు అమ్మే చోటు. దివ్య తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. నా పుస్తకాలను దుమ్ము పట్టకుండా తుడిచి పెడుతుంది. "ఎవురన్నా సదివి సెప్తే వింటానత్తా" అంటుంది, మనస్ఫూర్తిగానే అంటుంది. రాసుకుంటూ కూర్చునే మనిషికి ఇంతకంటే పెద్ద పరిహాసం ఉండదు. ఆ పిల్లకు నగరంటే ఏమిటో విడమరిచి చెప్పాను. చెబుతుంటే, అక్కడికి ఎవరితో వెళ్ళేదాన్నో కూడా చెప్పవలసి వచ్చింది.

చిన్నాయన పేరు మునిరత్నం. మా నాయనకు తమ్ముడు. నాయన బజారులో గిన్నెల అంగడి చూసుకునేవాడు, చిన్నాయన తిరువళ్ళూరులో గుమాస్తా ఉద్యోగానికి రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. వారమంతా అలా తిరిగిన మనిషి ఆదివారం కాళ్ళు చాపుకుని పడుకోవాలి కదా, అందరికంటే ముందే లేచి, తలకు పోసుకుని, ఉతికిన పంచె కట్టి తయారయ్యేవాడు. ఇంట్లో ఉన్న పిల్లల్లో బస్సెక్కితే వాంతి చేసుకోని దాన్ని నేనొక్కదాన్నే. ఆ ఒక్క యోగ్యత వల్లే ఆయనకు తోడు పోయే భాగ్యం నాకు దక్కింది. కే.జీ.కండిగై వైపు పోయే బస్సులో కూర్చుని, దారిలో ఒక చోట దిగి, చెరుకు తోటల పక్కన నడిస్తే కుశస్థలి ఏటి గడ్డన ఆ ఊరు. పేరు రాయను, ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఊరికి ఆ కొసన నగరు, ఈ కొసన మాతాకోయిలు, రెంటినీ ఆనుకుని ఏరు. ఎప్పుడు పోయినా ఆయన మొదట నగరు చూసి, తర్వాత కోయిలు చూసి, చివరికి ఏట్లో దిగేవాడు. ఒక్క రోజు తప్ప ఆ వరస మారలేదు.

ఈ కోయిలు అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఇంట్లో మాది తెలుగే. కానీ తిరుత్తణిలో పుట్టినవాళ్ళ నోట్లో సగం అరవం ఉంటుంది. గుడి అనీ అంటాం, కోయిలు అనీ అంటాం. అరవంలో కిరస్తానీల చర్చిని కూడా మాతాకోయిలు అనే అంటారు. చిన్నాయన ప్రతి ఆదివారం చెప్పులు తొడుక్కుంటూ, "అమ్మా, కోయిలుకు పోయొస్తాం" అని చెప్పి బయలుదేరేవాడు. అబద్ధం కాదు. కానీ మా అవ్వ అది ఏటి ఒడ్డున ఉండే మురుగుడి గుడి అనుకుంది. పెండ్లీడు దాటిపోతున్న కొడుకు సంబంధాలన్నీ వద్దంటూ ప్రతివారం స్నానం చేసి కోయిలుకు పోతున్నాడంటే, స్వామే వాడికి ఏదో దారి చూపిస్తాడని ఆమె ఆశ. వీధిలో వాళ్ళకు చెప్పుకుని మురిసిపోయేది. చిన్నాయన సరిదిద్దలేదు. ఏ కోయిలని ఆమె అడగలేదు.

దీనివల్ల కష్టపడింది ఇల్లంతా. మా ఇళ్ళలో ఆదివారమంటే మాంసం కూర. బిడ్డ కోయిలుకు పోతుంటే ఇంట్లో కౌసు వండగూడదని అవ్వ ఆంక్ష పెట్టింది. ఆదివారం పొద్దున అమ్మ అమ్మికల్లు మీద మసాలా నూరే చప్పుడు ఆగిపోయింది. అల్లం, ధనియాలు, వేయించిన కొబ్బరి కలిసి వీధి దాకా వచ్చే వాసన పోయి, మునక్కాయ సాంబారు వాసన వచ్చింది. నాయన కంచం ముందు కూర్చుని, "వాడు కోయిలుకు పొయ్యి పుణ్యం తెస్తాడు, నేను అంగడికి పొయ్యి సాంబారు తింటా" అని సణిగేవాడు. అవ్వ తను మాత్రం ఆ పూట ఒక్కపొద్దే ఉండేది. కొడుకు వచ్చేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు. ఆమె పట్టుదలలన్నీ అట్లాంటివే, ఎవరూ అడగనివి, ఎవరూ వదిలించలేనివి.

నగరులో అప్పటికే ఎవరూ ఉండేవాళ్ళు కాదు. జమీందారు వారసులు మద్రాసు చేరారు. కొలువుకూటాన్ని ఒక చింతపండు వ్యాపారికి బాడుగకు ఇచ్చారు. వాకిలి దాటితే చాలు, చింతపండు పులుపూ గబ్బిలాల కంపూ కలిసిన వాసన ముక్కుకు తగిలేది. కాపలా మనిషి తలుపు తీసి తను అరుగు మీద పడుకునేవాడు. లోపల నేను రెండు చేతులూ చాచి పట్టుకున్నా అందని టేకు స్తంభాలు, గోడలకు కోడిగుడ్డు సొన కలిపి రుద్దిన సున్నం. ఎండ పడ్డ చోట ఆ గోడలో నా ముఖం మసకగా కనిపించేది. పైన రాణివాసం, చిల్లుల కిటికీలు. ఆ చిల్లుల్లోంచి కిందికి చూస్తే కొలువుకూటం మొత్తం కనబడుతుంది, కింద ఉన్నవాళ్ళకు మనం కనబడం. నేను పైనుంచి చూస్తుంటే చిన్నాయన చింతపండు బస్తాల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుండేవాడు. నగరులో ఆయన గొంతు పెంచడు. ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడేవాడు. "పాత కట్టడాలకు పలకరింపు కావాలమ్మే. ఎవురూ పోకపోతే వాటికి దిగులు పుడతాది, దాంతోనే పడిపోతాయి" అనేవాడు. ఆ వయసులో నేను ఆ మాట అక్షరాలా నమ్మాను. మేడ దిగి వచ్చేటప్పుడు స్తంభానికి చెయ్యి ఆనించి, పోయొస్తామని చెప్పి వచ్చేదాన్ని.

మాతాకోయిలు నగరంత పెద్దది కాదు. పెంకుల కప్పు, ఒక గంట గోపురం, లోపల చాపలు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కింద కూర్చునేవాళ్ళు. మాతకు పట్టుచీర కట్టి మల్లెపూల మాల వేసేవాళ్ళు. కొవ్వొత్తులు కరిగిన వాసన, మల్లెల వాసన కలిసి మా ఊరి గుడికీ దానికీ నాకు పెద్ద తేడా తెలిసేది కాదు. పూజ అరవంలో నడిచేది. అది అయిపోయాక ముసలమ్మలు నలుగురు తెలుగులో ఒక పాట ఎత్తుకునేవాళ్ళు, తలా ఒక రాగం. అక్కడి బడిలో పాఠాలు చెప్పే రోజమ్మ టీచరు దగ్గర గంట గోపురం తాళం ఉండేది. మమ్మల్ని చూడగానే ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఈ దినం ఆలిస్యమైనట్టుండాది సార్" అనేది. "బస్సు లేటు" అనేవాడు చిన్నాయన. ప్రతివారం ఇవే మాటలు. గోపురం మెట్లు ఇరుకు, ఒకరి వెనక ఒకరం ఎక్కేవాళ్ళం. పైనుంచి ఏరు, నగరు మిద్దె, దూరంగా తిరుత్తణి కొండ కనిపించేవి. నేను ఆ కొండకు మా ఇల్లు ఏ వైపు ఉందా అని వెతుకుతుంటే వాళ్ళిద్దరూ నా వెనక నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారో నాకు ఒక్క మాటా గుర్తు లేదు. అది ఇప్పుడు బాధగా ఉంది.

కోయిలు వెనకే వాళ్ళ ఇల్లు. రోజమ్మ టీచరు వాళ్ళమ్మ ఆదివారం నాటుకోడి కూర వండేది. మిరియాలు దంచి వేసేది. మమ్మల్ని తినకుండా పంపేది కాదు. తిరుత్తణిలో మా ఇల్లంతా సాంబారు తింటుంటే, ఎవరికోసం ఆ సాంబారో ఆ మనిషీ, ఆయనకు తోడు వచ్చిన నేనూ అక్కడ పీట వేసుకుని కోడికూర తినేవాళ్ళం. తర్వాత ఏట్లో దిగేవాళ్ళం. వానాకాలం తప్ప మిగతా నెలల్లో ఆ ఏరంటే ఇసుకే. చెలమ తవ్వితే చల్లటి నీళ్ళు ఊరేవి. మొగలిపొదల నీడన కూర్చుంటే కొంగలు దగ్గరికి వచ్చి నిలబడేవి. ఇంటికి పోయే ముందు చిన్నాయన నా చేతులకు ఇసుక పోసి రుద్దించేవాడు, జామాకులు నమలమని ఇచ్చేవాడు. "అవ్వ ముందర ఊరికే నోరు తెరవబాక" అనేవాడు నవ్వుతూ. అదొక ఆటగా ఉండేది నాకు. ఆయనకు ఆట కాదని తెలుసుకునే వయసు లేదు.

ఒక ఏడు ఆడికృత్తిక పండక్కి కావళ్ళు ఎత్తిన జనంతో తిరుత్తణి నిండిపోయింది. ఆ సందడి తగ్గిన వారం అవ్వ ఉన్నట్టుండి, "ఈ ఆదివారం నేనూ వస్తానురా. నీ కోయిల్లో సామికి టెంకాయ కొట్టాల, నీ పెండ్లి సంగతి అడగాల" అంది. చిన్నాయన చెప్పు తొడుక్కోబోతున్నవాడు ఆగిపోయాడు. నాయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. వద్దనడానికి వంద సాకులున్నాయి. కానీ ఆయన, "రామ్మా, పోదాం" అన్నాడు. ఎన్నడూ నోరు విప్పి చెప్పలేకపోయింది అట్లా చూపించాలని నిర్ణయించుకున్నాడని ఇప్పుడు నాకనిపిస్తుంది. ఆయనకు తెలిసిన ధైర్యం అదే.

అవ్వ గంపలో టెంకాయ, అరటిపండ్లు, కర్పూరం పెట్టుకుని వచ్చింది. ఆ రోజు నగరుకు పోలేదు, నేరుగా కోయిలుకే పోయాం. గోపురం మీద సిలువ చూసి అవ్వ అడుగు నెమ్మదించింది. చిన్నాయన ముఖం పాలిపోయింది. అవ్వ లోపలికి తొంగిచూసింది, పట్టుచీరలో ఉన్న మాతను చూసింది. చెప్పులు పక్కన విడిచింది. "అమ్మోరే కదరా. దీనికేం" అని లోపలికి పోయి, టెంకాయ మాత కాళ్ళ దగ్గర పెట్టి, పక్కావిడ ఇచ్చిన కొవ్వొత్తి వెలిగించి, మోకరిల్లి కొడుకు పెండ్లి గురించి చాలాసేపు వేడుకుంది. చిన్నాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గండం గడిచిందనుకున్నాడు. నేనూ అంతే అనుకున్నాను. రోజమ్మ టీచరు వచ్చి అవ్వకు దండం పెట్టింది. అవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసి, చిన్నాయన్ను చూసి, మళ్ళీ ఆమెను చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. కోపం రాలేదు. "ఇల్లు యాడమ్మా?" అని అడిగింది మెత్తగా.

ఇంటి వాకిట్లో అడుగు పెట్టగానే కూర వాసన వచ్చింది. టీచరు వాళ్ళమ్మ లోపలినుంచి ఎప్పటిలాగే కేకేసింది, "సార్ వచ్చినారా? ఆయనకు లివరు ఎత్తిపెట్టినా, పాపకు తొడ." ఆ తల్లికి తెలియదు మా ఇంటి ఆదివారాల సంగతి. అవ్వ తిన్నె మీద కూలబడింది. లోపలినుంచి చెంబుతో నీళ్ళు వచ్చాయి, ముట్టలేదు. కొడుకు వైపు తిరిగి అంది, "నీకోసరం ఇంటిల్లిపాదీ నోరు కట్టుకున్న్యాం గదరా. నేను ఒక్కపొద్దు ఉంటిని. నా చేతి కూడు నీకు సాలకపొయ్యిందా మునిరత్నం?"

సిలువను చూసి వెనక్కి తగ్గని మనిషి కోడికూర దగ్గర విరిగిపోయింది. కులం, మతం అని తర్వాత చుట్టాలు చాలా చెప్పుకున్నారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, అవ్వకు తగిలిన దెబ్బ అది కాదు. ఆ ఆదివారాలన్నీ ఆమె కడుపు మాడ్చుకుని కొడుక్కు ఇచ్చింది, ఆ కొడుకు ఇంకో ఇంట్లో తృప్తిగా తిని వచ్చాడు. అప్పుడు చిన్నాయన ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. తప్పయిందమ్మా అన్నా చాలు. ఆయన తలవంచుకుని గంప ఎత్తుకున్నాడు. బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం.

తర్వాతి ఆదివారం నుంచి ఆయన కోయిలుకు పోలేదు. అవ్వ పంతంగా మాంసం వండించడం మొదలుపెట్టింది. తనే వడ్డించేది, పెద్ద ముక్కలు ఏరి ఆయన కంచంలో వేసేది. ఆయన వాటిని నా కంచంలోకి జరిపేవాడు. బతికినన్నాళ్ళూ మళ్ళీ మాంసం ముట్టలేదు, పెండ్లి చేసుకోలేదు. తల్లితో పోట్లాడిందీ లేదు. అడిగితే జవాబు చెప్పేవాడు, మందులు తెచ్చిచ్చేవాడు, ఆమె పోయినప్పుడు అన్నతో పాటు తల గొరిగించుకున్నాడు. కానీ అమ్మా అని పిలవడం మానేశాడు. ఆ పిలుపు కోసం అవ్వ గడప దగ్గర తచ్చాడడం నేను చూశాను. ఆ ఇంట్లో అందరూ మంచివాళ్ళే, ఎవరూ నోరు తెరవలేదు.

మిగిలిందంతా మర్నాడు కారులో దివ్యకు చెబుతూ పోయేసరికి ఊరు వచ్చింది. నగరు లేదు. టేకు స్తంభాలు ఎక్కడో కొత్తగా కట్టిన హోటలుకు పోయాయట. ఆ చోట తెల్లరాళ్ళు, వంపు తిరిగిన ఒక సిమెంటు ద్వారం, దాని మీద అరవంలో పెద్ద అక్షరాలు. దివ్య చదివి చెప్పింది, "నగర్ అనే ఉండాదత్తా." ఏట్లో ఇసుక తోడేశారు, నిలువెత్తు గోతుల్లో పచ్చటి నీళ్ళు, కంపచెట్లు. మొగలిపొద ఒక్కటీ లేదు. కోయిలు మాత్రం పెరిగింది. నున్నటి పలకలు, మైకులు, వాకిట్లో మోటారు సైకిళ్ళు, పూజ ముగిసి బయటికి వస్తున్న జనం. పాతదే అందంగా ఉండేదని మనసులో గొణుక్కున్నాను. కానీ జనం పోతూ ఉన్నదే నిలబడింది. ఎవరూ పోనిది పడిపోయింది. చిన్నాయన మాట నిజమే అయింది, చూడడానికి ఆయన లేడు.

రోజమ్మ టీచరు బతికే ఉంది. ఉద్యోగం ముగిశాక, భర్త పోయాక, పుట్టింటికే వచ్చేసిందట. వంగిపోయింది, గొంతు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టలేదు. చిన్నాయన పేరు చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. సంగతి చెప్పాను. కళ్ళు మూసుకుని పెదవులు కదిలించుకుంది, ప్రార్థన కాబోలు. దివ్య బయటే నిలబడింది.

"మీ అవ్వ మల్లీ వచ్చినాది, తెలుసునా నీకు?" అంది కళ్ళు తెరిచి.

తెలియదన్నాను.

"కొన్ని నెల్లకు. ఒంటిగా బస్సెక్కి వచ్చినాది. గంపలో చీర, పసుపు, కుంకం ఎత్తుకోని. ఆ పొద్దు కోయిల్లో నా ఓల సదువుతాండారు."

ఓల అంటే కోయిల్లో పెండ్లి ప్రకటన. ఫలానా వాళ్ళకు పెండ్లి జరగబోతోంది, అడ్డు చెప్పేవాళ్ళు ఉంటే ఇప్పుడే చెప్పండని ఫాదరు మూడు ఆదివారాలు అందరి ముందూ చదువుతాడు. ఆ రోజు మూడోది.

"మా నాయన వేరే సంబంధం చూసేసినాడు. మీ చిన్నాయన రాలేదు గదా, నేనెట్ల నిలబెట్టేది. ఫాదరు అడ్డు చెప్పేవాళ్ళుండారా అని అడిగినాడు. ఎనక వరసలో గంప ఒళ్ళో పెట్టుకోని మీ అవ్వ కూసోనుండాది. అప్పుడు చూసినా. ఆమె లేవలేదు. నేనూ లేవలేదు. అయినంక ఇంటికొచ్చినాది. నీళ్ళడిగి తాగినాది. 'నిన్ను నా ఇంటికి పిలుచుకోని పోదామని వొస్తిని తల్లీ, సామి వేరేగా రాసినాడు' అనింది. చీర నాకే ఇచ్చినాది, పెండ్లికి కట్టుకోమని."

"చిన్నాయనకు చెప్పలేదే" అన్నాను.

"చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాది. 'నేను వచ్చినానని తెలిస్తే వాడు ఇంకా కుమిలిపోతాడు, నా మింద కోపంగానే ఉండనీ, కోపముంటే మనిషి బతికేస్తాడు' అనింది. చానా ఏండ్లకు ఒకసారి తిరువళ్ళూరు స్టేషన్లో ఆయన్ను చూస్తి. చెప్పేద్దామని నాలుగడుగులు వేస్తి. ట్రైను వచ్చేసినాది." ఆమె నా ముఖంలోకి చూసింది. "ఆమె పోయినంకనన్నా ఆయనకు తెలిసిందా?"

తల అడ్డంగా ఊపాను. అవ్వ ఒంటిగా బస్సెక్కి వచ్చిన ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉండి ఉంటాను. ఎంత తడుముకున్నా ఆ రోజు గుర్తు రాలేదు. తల్లి తనను కాదన్నదనే అనుకుంటూ చిన్నాయన ముసలివాడై, మంచాన పడి, పోయాడు. మందులిస్తూ, దుప్పటి కప్పుతూ ఆ చివరి నెలల్లో నేను ఆయన పక్కన ఎన్ని రోజులు కూర్చున్నానో. రోజమ్మ టీచరును చూసి రానా అని ఒక్కసారి అడిగి ఉంటే ఆయన వద్దనేవాడు కాదు. తిరుత్తణి నుంచి ఆ ఊరికి బస్సులో గంట కూడా పట్టదు.